మా అబ్బాయికి ఆర్థర్ అని పేరు పెట్టుకున్నాం

మా అబ్బాయి ఇంగ్లాండులోని సౌతాంప్టన్‌లో పుట్టాడు. పుట్టిన వేళ ఫోనులో చెప్పగానే అమలాపురంలో మా అమ్మ సిద్ధాంతి గారి చేత పంచాంగం చూపించి, కృత్తిక మొదటి పాదం కనుక ‘ఆ’ అక్షరంతో పేరు పెట్టాలని మర్నాటికల్లా కబురు చేసింది. ఇక్కడి చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 42 రోజుల్లోగా స్థానిక రిజిస్టర్ ఆఫీసులో జననం నమోదు చేయించాలి. బారసాల 21వ రోజున చేయాలని పెద్దవాళ్లు అనుకున్నారు కాబట్టి మాకు ఉన్న అసలు గడువు ఇంకా తక్కువ. ఆ గడువులో మేము ఒక పాతకాలపు ఇంగ్లీషు పేరు దగ్గరికి ఎలా చేరామో రాస్తున్నాను. విదేశంలో బిడ్డకు పేరు వెతుక్కుంటున్న తెలుగు తల్లిదండ్రులకు ఇందులో కొంతైనా అక్కరకు వస్తుందని నా నమ్మకం.

మొదట మేమూ అందరిలాగే ఆదిత్య, ఆరవ్, ఆర్యన్ వంటి పేర్లతోనే మొదలుపెట్టాం. అవి మంచి పేర్లే కానీ మా స్నేహితుల పిల్లల్లో ఆ పేరు లేని ఇల్లు కనిపించలేదు. నాకూ నా భార్యకూ పేరు విషయంలో రెండే పట్టింపులు ఉండేవి. ఒకటి, బడిలో టీచరూ కోనసీమలో నాయనమ్మా ఇద్దరూ తడబడకుండా పిలవగలగాలి. రెండు, ఆ పేరు ఎందుకు పెట్టారని వాడు పెద్దయ్యాక అడిగితే చెప్పడానికి మా దగ్గర నిజమైన కారణం ఉండాలి, శబ్దం బాగుందని పెట్టాం అంటే సరిపోదు. ఈ రెండో పట్టింపే ఒక రాత్రి, పిల్లవాడు నిద్రపోక ఒళ్లో ఉన్న సమయంలో, నన్ను మా తాతగారి ఇంటి వసారాలో ఉన్న పటం దగ్గరికి తీసుకువెళ్లింది. గుర్రం మీద కూర్చున్న కాటన్ దొర పటం అది. ఆయన పూర్తి పేరు సర్ ఆర్థర్ కాటన్. ‘ఆ’ అక్షరంతో మొదలయ్యే పేరు చిన్నప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉన్నదని అప్పుడు తట్టింది.

గోదావరి జిల్లాల్లో పుట్టినవారికి కాటన్ ఎవరో చెప్పనక్కర్లేదు. మిగిలినవారి కోసం క్లుప్తంగా చెబుతాను. 1803 మే 15న పుట్టిన ఆయన మద్రాసు ఇంజనీరుగా వచ్చి, ముందు కావేరీ ప్రాంతంలో కొళ్లిడం నది మీద ఆనకట్టల పనులు చేసి, ఆ తరవాత గోదావరి దగ్గరికి వచ్చారు. 1833 నాటి డొక్కల కరువు, 1839లో కోరంగి మీద విరుచుకుపడ్డ తుఫాను తీర ప్రాంతాన్ని పీల్చిపిప్పి చేసిన కాలం అది. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. వీణెం వీరన్న వంటి మన ఇంజనీర్లూ, వేలాది కూలీలూ ఆయనతో పాటు ఆ ఇసుకలో నిలబడి పనిచేశారు. ఇప్పుడు పాత ఆనకట్ట స్థానంలో ఉన్న బ్యారేజీకి ఆయన పేరే ఉంది. దాని కింద దాదాపు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. మా తాతగారి నాలుగెకరాలు ఆ కాలువ కిందివే. గోదావరి స్నానం చేసేటప్పుడు ఆయనను భగీరథుడిగా తలుచుకునే సంస్కృత శ్లోకం ఒకటి మా ప్రాంతపు పురోహితుల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ పేరు సంగతి చెప్పగానే మా అమ్మ ఆశ్చర్యపోయి, “ఆయన పేరు ఆర్థర్ అని నాకు ఇన్నాళ్లూ తెలీనే తెలీదురా, కాటన్ దొర అనే కదా అంటాం” అంది. నిజానికి మా ఊళ్లో ఎవరిని అడిగినా అంతే.

పేరు నచ్చింది కానీ అది ఇంగ్లాండులో ఇప్పుడు ఎలా వినిపిస్తుందో తెలుసుకోకుండా ముందుకు వెళ్లదలచుకోలేదు. ఆఫీసులో ఒక తెలుగు మిత్రుడు, అది తాతల కాలం పేరని, బడిలో పిల్లలు ఏడిపిస్తారని హెచ్చరించాడు. అతని మాటలో సగం సరైనదే. విక్టోరియా రాణి కాలంలో ఆర్థర్ ఒక వెలుగు వెలిగిన పేరు. వాటర్లూ విజేత వెల్లింగ్టన్ ప్రభువు అసలు పేరు ఆర్థర్ వెల్లెస్లీ. మన దేశంలో శ్రీరంగపట్నం యుద్ధంలోనూ, 1803లో అస్సాయే యుద్ధంలోనూ కనిపించేది ఆయనే. 1850 మే 1న, సరిగ్గా ఆయన పుట్టినరోజునే, రాణికి కొడుకు పుడితే ఆర్థర్ అని పేరు పెట్టి ఆయననే జ్ఞానపితగా (గాడ్‌ఫాదర్‌గా) నిలిపారు. ఆ ఊపుతో గనుల్లో పనిచేసేవారి ఇళ్ల నుంచి ప్రభువుల మేడల దాకా ఆ పేరు పాకింది. 1904 నాటికి ఇంగ్లాండు, వేల్స్ మగపిల్లల పేర్లలో అది మొదటి పదిలో ఉండేది. తరవాత ముత్తాతల పేరుగా మిగిలి, 20వ శతాబ్దం రెండో సగంలో పసిపిల్లలకు పెట్టేవారు బాగా తగ్గిపోయారు.

మిత్రుడికి తెలియని సగం ఏమిటంటే, ఆ పేరు మళ్లీ వచ్చింది. ఇక్కడి జాతీయ గణాంకాల కార్యాలయం ఏటా విడుదల చేసే పేర్ల జాబితాలో 1920ల తరవాత తొలిసారిగా 2018లో ఆర్థర్ మొదటి పదిలోకి చేరి ఏడో స్థానంలో నిలిచింది. 2021లో నాలుగో స్థానం. 2018లోనే విలియం యువరాజు చిన్న కొడుకుకు లూయీ ఆర్థర్ చార్లెస్ అని పేరు పెట్టారు. తల్లిదండ్రుల తరం పేరు పాతబడినట్టు అనిపిస్తుంది, తాతల తరం పేరు ముసలిదిగా అనిపిస్తుంది, ముత్తాతల తరం పేరు మాత్రం మళ్లీ కొత్తగా, హుందాగా వినిపిస్తుంది. వందేళ్లు గడిచాక పేరు తిరిగి రావడానికి కారణం ఇదేనని నాకు అర్థమైంది. మన దగ్గరా రుద్ర, విరాజ్ వంటి పేర్లు ఇలాగే తిరిగి వస్తున్నాయి. మా వీధి చివర ఉండే పెద్దాయన ఒకరు తన తండ్రి పేరు ఆర్థరేనని, తన మునిమనవడికీ అదే పెట్టారని చెప్పి, మేమూ ఆలోచిస్తున్నామంటే నా చేయి గట్టిగా పట్టుకున్నారు. బిడ్డను చూడటానికి ఇంటికి వచ్చే హెల్త్ విజిటర్ కూడా తాను చూసే పసివాళ్లలో ఆ పేరు తరచుగా వినిపిస్తోందని చెప్పింది. ఏడిపిస్తారన్న భయం అక్కడితో తీరింది.

ఇక అర్థం. నేను ఎక్కువ సమయం గడిపింది దీని మీదే, అన్నిటికన్నా నాకు ఇష్టమైన భాగమూ ఇదే. పిల్లల పేర్ల పుస్తకాల్లో ‘ఎలుగుబంటి’ అని ఒక్క ముక్కలో రాసి వదిలేస్తారు. పండితులు అంత తేలికగా తేల్చలేదు. ఒక వాదం ప్రకారం అది ఆర్టోరియస్ అనే రోమను వంశనామం నుంచి వచ్చింది. లూసియస్ ఆర్టోరియస్ కాస్టస్ అనే రోమను సేనాని బ్రిటనులో పనిచేశాడని చెప్పే శాసనం నేటి క్రొయేషియా తీరంలో దొరికింది. మరొక వాదం ప్రకారం అది వెల్ష్ భాషలోని ఎలుగుబంటి అనే మాట ‘ఆర్థ్’ నుంచి, దానికి మనిషి లేదా రాజు అనే అర్థమున్న మాట చేరి పుట్టింది. ఆ ‘ఆర్థ్’కీ, గ్రీకులోని ‘ఆర్క్టోస్’కీ, మన సంస్కృతంలోని ‘ఋక్షం’కీ మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఋక్షరాజు అంటే మనకు జాంబవంతుడు. హనుమంతుడికి తన బలం తనకు గుర్తుచేసి సముద్రం దాటించిన పెద్దమనిషి. ఎలుగుబంటి అంటే మొదట ముఖం చిట్లించిన నా భార్య ఈ మాట విన్నాక బిడ్డ వైపు తిరిగి “జాంబవంతుడా” అని పిలవడం మొదలుపెట్టింది.

మూడో వాదం ఆకాశానికి సంబంధించినది. ఎలుగుబంటి కాపరి అనే అర్థంతో గ్రీకులు ఆర్క్‌ట్యూరస్ అని పిలిచిన నక్షత్రం పేరు ఈ పేరు మీద ప్రభావం చూపి ఉంటుందంటారు. ఆ నక్షత్రం ఏదో వెతికితే అది మన స్వాతి! సప్తర్షి మండలం తోక వంపును అలాగే ముందుకు సాగదీసుకుంటూ వెళితే నారింజ రంగులో మెరుస్తూ కనిపిస్తుంది. మబ్బు విడిచిన ఒక రాత్రి పెరట్లోకి వెళ్లి, తోకలోని చివరి చుక్క నుంచి వేలితో గీత గీసుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నాను. చుట్టుపక్కల చుక్కలు తెల్లగా సన్నగా ఉంటే అది ఒక్కటే కాస్త ఎర్రజీరతో నిలకడగా ఉంది. రైతు ఇంట్లో పుట్టినవాడికి స్వాతి అంటే కార్తె, వాన. స్వాతి చినుకు ముత్యపుచిప్పలో పడితే ముత్యమవుతుందని మా తాతగారు చెప్పేవారు. ఈ మూడు వాదాల్లో ఏది చరిత్రకు దగ్గరో పండితులు తేల్చుకుంటారు. తండ్రిగా నాకు మాత్రం పరాయి దేశపు పేరు అనుకున్నది వెతికేకొద్దీ మన జాంబవంతుడినీ మన స్వాతినీ తాకుతూ పోవడం ఎంతో సంతోషాన్నిచ్చింది.

అసలైన అభ్యంతరం ఇంట్లోనే, మా మామగారి నుంచి వచ్చింది. ప్రసవానికని అత్తగారూ ఆయనా నల్గొండ నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. ఆయన చరిత్ర చెప్పి రిటైరైన ఉపాధ్యాయులు. నేను కాటన్ దొర పేరు అనగానే చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి, “మీ దిక్కు దొర అంటే నీళ్లిచ్చినోడు అల్లుడూ. మా దిక్కు దొర అంటే గడీల కూసొని వెట్టి చేయించుకున్నోడు. నా మనవడికి ఆ మాట అంటుకోవద్దు” అన్నారు. ఆయన తండ్రి తరం వెట్టిచాకిరీనీ, దానిమీద తిరగబడ్డ సాయుధ పోరాటాన్నీ కళ్లారా చూసింది. అందుకే ఆ మాట తేలిగ్గా తీసుకోవలసింది కాదు. పైగా కాటన్ పనిచేసింది ఈస్టిండియా కంపెనీకి, ఆనకట్ట వెనక శిస్తు పెరగాలన్న కంపెనీ లెక్క ఉన్నది, అది దాచవలసిన సంగతి కాదు. అదే సమయంలో రైల్వేలకన్నా ముందు కాలువల మీద ఖర్చు పెట్టాలని తన ప్రభుత్వంతోనే ఏళ్లతరబడి వాదించి, పైవారి చేత మాటలు పడ్డ మనిషి కూడా కాటనే. ఇవన్నీ ఇద్దరం కొన్ని రోజులపాటు మాట్లాడుకున్నాం. ఒకరినొకరు ఒప్పించలేకపోయాం.

ఒక ఆదివారం మామగారిని రైలెక్కించి దగ్గర్లోని వించెస్టరుకు తీసుకువెళ్లాను. అక్కడి కోట దర్బారు హాలు గోడకు, బ్రిటన్ పాత గాథల్లో వినిపించే ఆర్థర్ రాజు గుండ్రబల్లగా పేరుపడిన పెద్ద ఓక్ చెక్క బల్ల వేలాడుతూ ఉంటుంది. దాని అడ్డుకొలత 5.5 మీటర్లు, బరువు 1,200 కిలోల దాకా. కథలో రాజు 5వ, 6వ శతాబ్దాల వాడు. ఈ బల్ల 13వ శతాబ్దంలో చేసినది, ఆ పైన రంగులు వేయించింది ఇంగ్లాండు రాజు ఎనిమిదో హెన్రీ. నడుమ గులాబీ పువ్వు, దాని చుట్టూ ఆకుపచ్చ, తెలుపు చీలికలు, అంచున 24 మంది యోధుల పేర్లు, పైన సింహాసనం మీద గడ్డంతో ఆర్థర్. మామగారు కళ్లద్దాలు సరిచేసుకుంటూ చాలాసేపు తల పైకెత్తి చూశారు. బల్ల గుండ్రంగా ఎందుకు చేశారని అడిగితే, యోధుల్లో ఎవరు పైన, ఎవరు కింద అన్న తగవు రాకుండా ఉండేందుకని కథలో ఉన్నదని చెప్పాను. ఏడో హెన్రీ తన పెద్ద కొడుకు ఈ వించెస్టరులోనే 1486లో పుట్టేలా చూసి ఆర్థర్ అని పేరు పెట్టుకున్న సంగతీ, ఆ పిల్లవాడు 1502లో చనిపోవడం వల్లే తమ్ముడు ఎనిమిదో హెన్రీ గద్దెనెక్కిన సంగతీ ఆయనే నాకు చెప్పారు.

తిరుగు రైల్లో ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నల్గొండ పల్లెల్లో ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి ఆయన. మంచినీళ్ల విలువ ఆయనకన్నా నాకేమీ ఎక్కువ తెలియదు. ఇంటికి చేరే ముందు, “నీళ్ల కోసం కొట్లాడినోళ్లం, నీళ్లు తెచ్చినోని పేరుకు అడ్డం చెప్పను. గని ఇంట్లె దొర అనుడు బంద్ జేయాలె” అన్నారు. ఆ షరతు నాకు న్యాయంగా తోచింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆయన కాటన్ గారు. మా అమ్మకు నోరు తిరగడానికి కాస్త సమయం పట్టింది కానీ మనవడి ముందు ఇప్పుడు ఆమె కూడా అలాగే అంటుంది.

బారసాల మా ఫ్లాటులోనే జరిగింది. పళ్లెంలో బియ్యం పోసి, నా భార్య వేలి ఉంగరంతో ముందు తెలుగులో, దాని కింద ఇంగ్లీషులో పేరు రాశాను. తెలుగులో రాసేటప్పుడు ‘థ’ వత్తా, ‘ధ’ వత్తా అన్న చర్చ వచ్చింది. మా ఊళ్లో గోడల మీద, ఆహ్వానపత్రాల మీద రెండు రకాలుగానూ కనిపిస్తుంది. ఇంగ్లీషు ఉచ్చారణకు దగ్గరగా ఉండేది ‘థ’ కాబట్టి ఆర్థర్ అనే రాశాం. రెండో పేరుగా మా తాతగారి పేరు, చివర ఇంటిపేరు. చెవిలో మూడుసార్లు పేరు చెప్పవలసిన పని మామగారికి అప్పగించాం. వీడియోలో మా అమ్మ అక్షింతలు ఫోను మీదే వేసింది.

నమోదు పని నేననుకున్నదానికన్నా ప్రశాంతంగా సాగింది. ముందుగా సమయం తీసుకుని వెళ్లాలి. మాకు పెళ్లి అయింది కనుక ఇద్దరిలో ఒకరు వెళ్లినా చాలు, కానీ ముగ్గురమూ వెళ్లాం. ఇంగ్లాండులో ఆమోదించిన పేర్ల జాబితా అంటూ ఏదీ లేదు, మరీ అభ్యంతరకరమైన పేరైతే తప్ప కాదనరు. రిజిస్ట్రారు పుట్టిన తేదీ, చోటు, మా పేర్లు, మేము పుట్టిన ఊళ్లు, వృత్తులు అడిగి టైపు చేసి, తెర మావైపు తిప్పి ఒక్కొక్క అక్షరం చూసుకోమన్నారు. ఈ అడుగు దగ్గర తొందరపడకండి. సంతకం చేశాక తప్పు దిద్దించుకోవడం పెద్ద ప్రయాస, దానికి ఆధారపత్రాలు చూపాలి. మొదటి పేరు మార్చాలన్నా, చేర్చాలన్నా నమోదైన 12 నెలల్లోగా అవకాశం ఉంటుంది. మా ఇంటిపేరులో ఒక అక్షరం అటూఇటూ అయినట్టు నా భార్య పట్టుకుంది. సరిచేశాక, తండ్రి పుట్టిన చోటు అన్న గడిలో అమలాపురం, తల్లిది అన్న గడిలో నల్గొండ, వాటి పైన ఆర్థర్ అన్న పేరు కనిపించాయి. సంతకం చేసి సర్టిఫికెట్లు రెండు ప్రతులు తీసుకున్నాం.

మా ఇద్దరికీ ఇక్కడ శాశ్వత నివాసం ఇంకా రాలేదు. అందువల్ల ఇక్కడ పుట్టినంత మాత్రాన మా వాడు బ్రిటిష్ పౌరుడు కాడు. ఇలాంటివారు భారత హైకమిషన్ ద్వారా ఏడాదిలోగా బిడ్డ జననాన్ని నమోదు చేయించి, పాస్‌పోర్టు తీసుకోవాలి. అందులో పేరు ఇక్కడి సర్టిఫికెట్టులో ఉన్నట్టే, అదే వరసలో ఉండాలి కనుక, ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్నది రిజిస్టర్ ఆఫీసుకు వెళ్లకముందే తేల్చుకుని వెళ్లండి. మేము ఇక్కడి పద్ధతిలో ఇంటిపేరు చివర రాయించాం. పాస్‌పోర్టు చేతికి వచ్చాక మొదటి ప్రయాణం అమలాపురానికి. అక్కడి నుంచి ధవళేశ్వరం వెళ్లి, బ్యారేజీ పక్కన కాటన్ గారి మ్యూజియం మనవడికి చూపించాలని మామగారు నల్గొండ నుంచి మాకంటే ముందే టికెట్టు తీసుకున్నారు.